బెరిల్ వెళ్లి నాలుగో రోజు: కరెంటు లేదు, సీలింగ్ ఉబ్బింది, ఫ్రిజ్ కంపు. ముందు ఏది పట్టుకోవాలి?

సైప్రెస్_కాపురం | జూలై 11, 2024, గురువారం

సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుపాను తీరం దాటింది. ఇవాళ నాలుగో రోజు, హ్యూస్టన్‌లో మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఇంట్లోకి వరద నీళ్లు రాలేదు, అంతవరకు అదృష్టం. మిగతావి విడివిడిగా చూస్తే చిన్నవే, అన్నీ ఒక్కసారి మీద పడేసరికి ఏది ముందో ఏది వెనకో తేలడం లేదు.

పరిస్థితి ఇదీ. పైకప్పు మీద పరిచే పలకలు (షింగిల్స్) ఏడెనిమిది ఎగిరిపోయాయి. మేడ మీద పడగ్గది సీలింగ్‌కి అన్నం పళ్లెమంత గోధుమరంగు మరక పడింది, మధ్యలో కాస్త ఉబ్బి ఉంది. వంటింటి ఫ్రిజ్ తలుపు తీస్తే కంపు. గరాజ్‌లో డీప్ ఫ్రీజర్ కింద ఎర్రటి నీళ్లు. తెలిసినవాళ్లు 5000 వాట్ల పెట్రోలు జనరేటర్ ఇచ్చారు. దాని మీద ఏమేం నడపొచ్చు? బట్టలు ఆరబెట్టే డ్రయర్ ప్లగ్‌లోంచి ఇల్లంతటికీ ఇచ్చేయొచ్చని ఒకాయన చెప్తున్నారు, నిజమేనా? అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, నాన్నకి ఇన్సులిన్ వాడాలి. పక్కింటికీ మాకూ మధ్య ఫెన్స్ మూడు ప్యానెళ్లు నేలకొరిగింది. సాయంత్రం అయితే దోమలు నిలబడనివ్వడం లేదు.

వరస చెప్పగలరా?

---

వోల్ట్‌మీటర్

ముందు డ్రయర్ ప్లగ్ సంగతి. వద్దు. రెండు చివరలా మగ పిన్నులున్న తీగతో డ్రయర్ సాకెట్‌లోకి కరెంటు తోస్తే అది మీ ప్యానెల్ (బ్రేకర్ల పెట్టె) దగ్గర ఆగదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోయి, 240 వోల్టులు కాస్తా వేల వోల్టులై లైను మీదకి ఎక్కుతాయి. లైనులో కరెంటు లేదనుకుని పట్టుకున్న లైన్‌మన్ పోతాడు. మెయిన్ ఆపే ఇస్తాం అంటారు. ఒక్కసారి మర్చిపోతే చాలు. పైగా ఆ తీగ ఒక చివర ఊడి చేతికొస్తే బయటికి కనిపించే పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. ఇల్లంతటికీ ఇవ్వాలంటే గోడకి ఇన్‌లెట్ పెట్టె, ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ పెట్టించాలి. మెయిన్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్ పైకి లేవకుండా అడ్డుకునే రేకుముక్క అది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్, పర్మిట్ కావాలి. ఈ వారం జరిగే పని కాదు. ఇప్పటికి ఎక్స్‌టెన్షన్ కార్డులే దారి.

జనరేటర్ ఎక్కడ పెట్టారు? ఇంటి తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ ఇంటికి వ్యతిరేక దిక్కున ఉండాలి. గరాజ్ తలుపు బార్లా తీసిపెట్టినా గరాజ్‌లో మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, మగత వస్తాయి, ఎండ దెబ్బ అనుకుని పడుకుంటారు, ఇక లేవరు. పడగ్గదుల దగ్గర బ్యాటరీ అలారం ఒకటి పెట్టండి. పక్కింటివాళ్ల కిటికీకి ఎంత దూరముందో కూడా చూడండి. మన సబ్‌డివిజన్లలో ఇళ్ల మధ్య పది అడుగులే కాబట్టి పెరటి చివర పెట్టక తప్పదు.

లెక్క ఇలా వేసుకోండి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 నుంచి 200 వాట్లే తీసుకుంటుంది, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మాత్రం వెయ్యి దాకా లాగుతుంది. డీప్ ఫ్రీజర్ కూడా దాదాపు అంతే. 5000 బీటీయూ కిటికీ ఏసీకి 450 నుంచి 500, మొదలయ్యేటప్పుడు దానికి మూడింతలు. పెద్ద ఫ్యాన్ 100 లోపు. రైస్ కుక్కర్ 500 నుంచి 700. మైక్రోవేవ్ మీద 1000 అని రాసి ఉన్నా 1500 దాకా తాగుతుంది. ఇండక్షన్ పొయ్యి 1800. అంటే ఫ్రిజ్, ఫ్రీజర్, ఒక చిన్న కిటికీ ఏసీ, రెండు ఫ్యాన్లు, ఇంటర్నెట్ పెట్టె హాయిగా నడుస్తాయి. రైస్ కుక్కర్ పెట్టే అరగంట ఏసీ ఆపుకుంటే యంత్రం మీద భారం తగ్గుతుంది. సెంట్రల్ ఏసీ దీని మీద ఆశ పెట్టుకోకండి. అన్నీ ఒకేసారి పెట్టకుండా ఒకటి మొదలై కుదురుకున్నాక రెండోది పెట్టండి.

అందరూ తప్పు చేసేది కార్డు దగ్గర. ఇంట్లో లైటు కోసం వాడే సన్న తీగ 16 గేజ్. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు. 50 అడుగులకి ఫ్రిజ్, ఏసీ లాంటివి పెట్టాలంటే బయట వాడకానికి పనికొచ్చే 12 గేజ్ కార్డే కొనండి. సన్న తీగలో వోల్టేజి పడిపోతుంది, కంప్రెసర్ లేవలేక మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది. పావుగంట నడిచాక ప్లగ్ దగ్గర చెయ్యి పెట్టండి, వెచ్చగా తగిలితే ఆపేయండి. మిగిలిన కార్డు చుట్టగా వదిలేయకుండా విప్పి పరచండి. కార్పెట్ కింద నుంచి తీయకండి.

సగం భారం మీద ఈ సైజు యంత్రం గంటకి అర గ్యాలన్ నుంచి ముప్పావు గ్యాలన్ తాగుతుంది. 24 గంటలూ నడపక్కర్లేదు. పగలు రెండు విడతలు ఫ్రిజ్‌కి, రాత్రి నిద్రకి ఏసీ. పెట్రోలు పోసే ముందు ఆపి, 15 నుంచి 20 నిమిషాలు చల్లారనివ్వండి. వేడి సైలెన్సర్ మీద ఒలికితే అక్కడికక్కడే అంటుకుంటుంది. పోసిన ప్రతిసారీ ఆయిల్ పుల్ల తీసి చూడండి. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాని జనరేటర్‌కి చాలాసార్లు జబ్బేమీ ఉండదు. ఆయిల్ తగ్గింది కాబట్టి లోపలి స్విచ్ ఆపేసింది, అంతే. కొత్త యంత్రమైతే మొదటి 20, 25 గంటలకే ఆయిల్ మార్చాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది కూడా నడిపి ఆరబెట్టి ఇవ్వండి. ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, నెలల తరబడి నిలవుంటే జిగురై పోతుంది.

ఇవాళే ఒక పని చేసిపెట్టుకోండి. ప్యానెల్‌లో ఏసీ, వాటర్ హీటర్, డ్రయర్ బ్రేకర్లు కిందికి దించండి. కరెంటు వచ్చాక దీపాలు ఓ పది నిమిషాలు గమనించి, తర్వాత ఒక్కొక్కటే లేపండి. ఒక గదిలో బల్బులు కళ్లు చెదిరేలా వెలిగి, మరో గదిలో మిణుకుమిణుకుమంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందని అర్థం. ఇక్కడ ఇంటికి వచ్చేది 120 వోల్టుల జంట. న్యూట్రల్ పోతే ఒక పక్క 160 దాటుతుంది, రెండో పక్క 80కి పడుతుంది. టీవీ, ఫ్రిజ్ బోర్డు, మోడెమ్ నిమిషాల్లో పోతాయి. వెంటనే మెయిన్ దించి కరెంటు కంపెనీకి ఫోన్ చేయండి. మల్టీమీటర్ ఉంటే సాకెట్‌లో 114కీ 126కీ మధ్య చూపించాలి.

స్తంభం నుంచి వైరు గాలిలో వచ్చే పాత ఇళ్లవాళ్లకి ఇంకో మాట. గోడ మీది ఇనుప గొట్టం, దాని టోపీ ఊడిపోతే అవి ఇంటివాళ్లవి, కంపెనీవి కావు. ఎలక్ట్రీషియన్ బాగుచేసి తనిఖీ అయ్యేదాకా వాళ్లు కలపరు. వీధంతా వెలిగి మీ ఇల్లొక్కటే చీకటిగా ఉంటే మొదట అటు చూడండి.

---

పియర్‌ల్యాండ్_వదిన

వంటిల్లు, మందులు నేను చెప్తాను.

మొదట నాన్నగారి ఇన్సులిన్. 59 నుంచి 86 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే ఫ్రిజ్ లేకపోయినా 28 రోజుల దాకా వాడొచ్చు. చిక్కల్లా, ఏసీ లేని ఇల్లు ఇప్పుడు 86 ఎప్పుడో దాటేసి ఉంటుంది. చిన్న ఐస్ బాక్సులో ఐసు అడుగున పెట్టి, పైన తువ్వాలు రెండు మడతలు వేసి, దాని మీద పెన్నులు పెట్టండి. ఐసుకి నేరుగా తగిలి గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. లోపల చిన్న థర్మామీటర్ పెట్టుకుంటే అనుమానం ఉండదు. తడిబట్ట చుట్టిన మట్టికుండ చిట్కా మన రాయలసీమ ఎండలకి పనికొస్తుంది కానీ హ్యూస్టన్ గాలిలో చెమ్మ ఎక్కువ, తడి ఆరదు, చల్లబడదు. దాన్ని నమ్ముకోవద్దు.

ఫ్రిజ్: తలుపు మూసి ఉంటే 4 గంటలు కాపాడుతుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24. మీకు నాలుగో రోజు. అంచేత పాలు, పెరుగు, వండిన పప్పు, పులుసు, కోడి, మేక, చేప, పనీర్, తురిమిన కొబ్బరి, గుడ్లు, ఇడ్లీ పిండి, ఊరినుంచి తెచ్చిన పూర్ణాలు, అన్నీ బయటికి. ఇక్కడి గుడ్లు కడిగి అమ్ముతారు, ఆ పై పొర పోయి ఉంటుంది, మన ఊళ్లోలా గట్టు మీద నిలవుండవు. ఇడ్లీ పిండి ఎలాగూ పులిసేదే కదా అని అట్టేపెట్టకండి, 90 డిగ్రీల్లో నాలుగు రోజులు పులుపుతో ఆగదు.

ఇంట్లో నూరుకున్న అల్లం వెల్లుల్లి ముద్ద విషయంలో అసలు సందేహించవద్దు. నూనె పోసి పెట్టిన పచ్చి వెల్లుల్లి వెచ్చదనంలో ఉంటే బొటులిజం క్రిమి పెరుగుతుంది, రంగు మారదు, వాసన రాదు. పారేయండి. ఉండనివ్వగలిగినవి: ఉప్పు, కారం, నూనె దండిగా పడిన ఆవకాయ, మాగాయ, నెయ్యి, వెన్న, గట్టి చీజ్, చింతపండు, కుళ్లు పట్టని కోయని కూరగాయలు, కరివేపాకు. నిన్నమొన్న చేసిన దోసకాయ పచ్చడి, కొబ్బరి పచ్చడి మాత్రం పోవలసిందే. ఫ్రీజర్‌లో ఏదైనా ముట్టుకుంటే ఇంకా మంచు పలుకులు తగిలితే అది మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. ఎర్రటి నీళ్లు కారుతున్నాయి కాబట్టి అడుగుదంతా పోయినట్టే. రుచి చూసి తేల్చుకోవద్దు.

పారేసే ముందు ఒక్కో అరకీ ఫొటోలు తీయండి, ఏమిటి ఎంత ధర అని కాగితం మీద రాయండి. కొన్ని ఇన్సూరెన్స్ పాలసీల్లో పాడైన ఆహారానికి కొంత ఇస్తారు. ఎంతన్నది పాలసీలో ఉంటుంది.

ఇప్పుడు కంపు. అరలు, సొరుగులు తీసి బయట కడగండి. లోపల వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో ఒకసారి, తర్వాత గ్యాలన్ నీళ్లకి వాసన కలపని బ్లీచ్ ఒక టేబుల్ స్పూన్ కలిపి ఇంకోసారి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్న అద్దాల ద్రావకం గానీ కలవకూడదు, విషవాయువు పుడుతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో పాత టూత్‌బ్రష్ తిప్పండి, మాంసం రసం దాక్కునేది అక్కడే. ఇంత చేసినా కంపు పోకపోతే ఫ్రిజ్ వెనక కింది రేకు విప్పండి. కంప్రెసర్ పక్కన ఒక పళ్లెం ఉంటుంది, లోపల కారినదంతా డ్రెయిన్ గొట్టంలోంచి దాంట్లోకి చేరుతుంది. చాలామంది పదిసార్లు లోపల కడిగి ఈ పళ్లెం మర్చిపోతారు. అది కడిగి, వంటసోడా వెడల్పాటి పళ్లెంలో పరచి లోపల పెట్టి, రెండు రోజులు ఉంచండి. అప్పటికీ వాసన వస్తుంటే రసం గోడ లోపల చల్లదనం నిలిపే నురుగు పొర (ఇన్సులేషన్) లోకి ఇంకింది, ఆ ఫ్రిజ్ ఇక బాగుపడదు. ఆరబెట్టేటప్పుడు తలుపు తెరిచి ఉంచాలంటే పిల్లలు లోపల దూరకుండా తాడు కట్టండి.

కుళాయి నీళ్లు: మీ వాటర్ డిస్ట్రిక్ట్ కాచుకోమని నోటీసు ఇచ్చిందో లేదో చూడండి. టెక్సస్ నోటీసుల్లో తెర్లే నీళ్లని 2 నిమిషాలు తెర్లనివ్వమని ఉంటుంది. కాచే వీలు లేకపోతే గ్యాలన్‌కి 6 శాతం బ్లీచ్ 8 చుక్కలు, 8.25 శాతమైతే 6 చుక్కలు, కలిపి అరగంట ఆగాలి. నోటీసు ఎత్తేశాక ఫ్రిజ్ నీళ్ల ఫిల్టర్ మార్చి, మొదటి రెండు మూడు వాయిల ఐసు పారబోయండి.

గ్యాస్ పొయ్యికి కరెంటు లేకపోయినా అగ్గిపుల్లతో వెలుగుతుంది, కింది ఓవెన్‌తో మాత్రం ప్రయత్నించకండి. బార్బెక్యూ, బొగ్గుల కుంపటి గరాజ్‌లోకి తేవద్దు, జనరేటర్‌కి చెప్పిన కారణమే.

దోమలకి: వాన నీళ్లు నిలిచిన బకెట్లు, పూలకుండీ పళ్లేలు, టార్పాలిన్ మడతలు, పిల్లల బొమ్మలు ఇవాళే బోర్లించండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, అంటే వచ్చే వారం వచ్చే దండు ఇప్పుడు మీ పెరట్లోనే ఉంది. వంపలేని చోట దోమల బిళ్లలు వేయండి. ఒక బిళ్ల 100 చదరపు అడుగుల నీటికి, 30 రోజులు పనిచేస్తుంది, పక్షులకీ కుక్కలకీ హాని లేదు.

---

చెక్క_మేకు

నన్నడిగితే ముందు వరసలో సీలింగే ఉండాలి. కారణం చెప్తాను. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకి తుపాను కొత్త కాదు, కానీ అక్కడ ఇల్లు ఇటుక, సిమెంటు, శ్లాబు. తడిస్తే తలుపులు తీసి వదిలేస్తాం, వారానికి ఆరుతుంది. ఇక్కడ గోడ అంటే కర్ర చట్రం, దాని మీద అట్టకి అతికించిన జిప్సం పలక (షీట్‌రాక్), లోపల దూదిలాంటి ఇన్సులేషన్. తడి లోపల చిక్కుకుంటుంది. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మీకు ఆ గడువు దాటింది.

ఉబ్బిన చోట కింద బకెట్ పెట్టి, ఆ గది లైటు బ్రేకర్ దించి, ఉబ్బు అన్నిటికన్నా కిందికి వేలాడే చోట స్క్రూడ్రైవర్‌తో ఒక చిన్న కన్నం పొడవండి. నీళ్లు దిగిపోతాయి. పొడవకపోతే బరువుకి షీట్ మొత్తం ఊడి పడుతుంది. కన్నం పూడ్చడం ఐదు డాలర్ల పని, షీట్ మార్చడం రెండు రోజుల పని.

తర్వాత అటిక్ (సీలింగ్‌కీ కప్పుకీ మధ్య చోటు) ఎక్కండి. తెల్లవారకముందే వెళ్లండి, పదింటికల్లా అక్కడ మనిషి నిలబడలేడు. కాలు కర్ర దూలాల మీదే వేయాలి, మధ్యలో వేస్తే కింది గదిలో తేలతారు. నీళ్లు దూలం వెంబడి జారి ఎక్కడో చుక్కగా పడతాయి కాబట్టి మరకకి సరిగ్గా పైన కన్నం వెతికితే దొరకదు, అక్కడి నుంచి పైవాలు వైపు వెతకండి. తడిసిన ఊదుడు ఇన్సులేషన్ అట్టలా అణిగిపోయి ఉంటుంది. దాన్ని సంచిలోకి ఎత్తేయండి, చుట్టూ ఒక అడుగు అదనంగా. అది ఆరేదాకా ఆగితే కింది షీట్‌రాక్ ఆరదు.

టార్ప్ (కప్పు మీద వేసే టార్పాలిన్): 6 మిల్లుల మందం, మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంతకన్నా తక్కువ వద్దు. కప్పు శిఖరం దాటి అవతలి వాలుకి 3, 4 అడుగులు పోవాలి, లేకపోతే పైనుంచి కారే నీళ్లు దాని కిందికే దూరతాయి. అంచుని సన్న చెక్కకి రెండు చుట్లు చుట్టి, ఆ చెక్కని స్క్రూలతో బిగించాలి. టార్ప్ మీదే మేకులు కొడితే గాలికి చినుగుతుంది, ఇటుకలు పెడితే ఎవరి నెత్తినో పడతాయి. తడి షింగిల్ సబ్బు పూసినట్టు జారుతుంది. ఎక్కడం అలవాటు లేకపోతే మనిషిని పెట్టుకోండి, రసీదు దాచండి.

ఆరబెట్టడంలో మన పెద్దవాళ్లు చేసే మంచి పనే ఇక్కడ చెడ్డ పని అవుతుంది. "గాలి ఆడనివ్వండి" అని కిటికీలు తీస్తారు. జూలైలో హ్యూస్టన్ బయటి గాలి లోపలికన్నా తడి, అది ఆరబెట్టదు, ఇంకా తడుపుతుంది. ఆ గది తలుపూ కిటికీలూ మూసి, గాలిలోంచి రోజుకి 50 పైంట్ల తేమ పీల్చే డీహ్యూమిడిఫయర్ ఒకటి, ఫ్యాన్ ఒకటి పెట్టండి. రెండూ కలిపి 600, 700 వాట్లు, మీ జనరేటర్ మోస్తుంది. పగలు కిటికీ ఏసీ ఆపినా, జనరేటర్ నడిచినంతసేపూ ఇది ఆపకండి.

నొక్కితే మెత్తగా వేలు దిగే షీట్‌రాక్ ఇక బతకదు, తడి అంచుకి ఒక అడుగు అవతల దాకా కోసి తీసేయండి. గట్టిగా ఉంటే ఆరనివ్వండి. కర్రలో తేమ మీటర్ 15 శాతం లోపు చూపించేదాకా మూయకూడదు. షీట్‌రాక్ మీద బ్లీచ్ చల్లితే మరక తెల్లబడుతుంది, బూజు లోపల అలాగే ఉంటుంది. బ్లీచ్ టైలుకీ గాజుకీ మాత్రమే. బూజు 10 చదరపు అడుగులు, అంటే దాదాపు 3 అడుగులకి 3 అడుగులు లోపు ఉంటే ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని మీరే చేసుకోవచ్చు. అంతకు మించితే పిలిపించండి. తీరా ఆరాక రంగు వేసేముందు నూనె రకం గానీ షెల్లాక్ రకం గానీ మరక ఆపే ప్రైమర్ వేయాలి. మామూలు సీలింగ్ పెయింట్ ఎన్ని పూతలు వేసినా ఆ గోధుమరంగు వారంలో పైకి తేలుతుంది.

ఫెన్స్ చివర్న చూసుకోండి. పెరట్లో కుక్కో, ఈత కొలనో ఉంటే తప్ప తొందర లేదు. ప్యానెల్ నిలబెట్టి రెండుబైనాలుగు (2x4 అంగుళాల) కర్ర ఏటవాలుగా ఆనించి, కింద గూటం దిగ్గొడితే నెలరోజులు నిలుస్తుంది. స్తంభం విరిగింది నేల మట్టంలోనే అయి ఉంటుంది, కర్ర స్తంభం కుళ్లేది అక్కడే. కొత్తగా వేసేటప్పుడు ఇనుప స్తంభం వేయండి: 8 అడుగుల గొట్టం, 2 అడుగులు భూమిలో, గుంతకి 2 బస్తాల కాంక్రీటు. తవ్వే రెండు పనిరోజుల ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కేబుల్ ఎక్కడుందో ఉచితంగా గీతలు గీసి వెళ్తారు. చెత్త కుప్పలు కర్బ్ (రోడ్డు అంచు గట్టు) మీద విడివిడిగా పెట్టండి: కొమ్మలు ఒకటి, షీట్‌రాక్ ఫెన్స్ చెక్క ఒకటి, ఫ్రిజ్ లాంటివి ఒకటి. వాటర్ మీటర్ మీద, ఫైరింజన్‌కి నీళ్లిచ్చే హైడ్రంట్ పక్కన, చెట్టు కింద పెడితే ఎత్తే బండి చెయ్యి పెట్టలేక వదిలేసి పోతుంది.

---

సైప్రెస్_కాపురం | జూలై 14, ఆదివారం

అందరికీ చేతులెత్తి దణ్ణం. కన్నం పొడిస్తే దాదాపు అర బకెట్ నీళ్లు దిగాయి. ఫ్రిజ్ వెనక పళ్లెం సంగతి వదినగారు చెప్పకపోతే తెలిసేదే కాదు. నిన్న రాత్రి కరెంటు వచ్చింది. కానీ ఏసీ రావడం లేదు, ఏసీని నడిపే గోడ మీది థర్మోస్టాట్ తెర ఖాళీగా ఉంది. రెండోది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలా వద్దా? ఒక రూఫింగ్ మనిషి తలుపు తట్టి, డిడక్టిబుల్ (నష్టంలో మన జేబులోంచి పోయే మొదటి భాగం) మీరు కట్టక్కర్లేదు మేం చూసుకుంటాం అంటున్నాడు. మేం హెచ్1బీ మీద ఉన్నాం, పాప ఇక్కడే పుట్టింది. విపత్తు సాయం ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫీమాకి అడగొచ్చా?

---

పాలసీ_చదువరి

ఆ మనిషిని పంపించేయండి. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో డిడక్టిబుల్ మాఫీ చేస్తామనడం కాంట్రాక్టర్‌కి నేరం, కట్టినట్టు రుజువు చూపమని ఇన్సూరెన్స్ కంపెనీ మిమ్మల్ని అడగొచ్చు. క్లెయిమ్ కూడా నేనే మాట్లాడిపెడతాను అంటే అదీ చెల్లదు. రూఫ్ వేసేవాడు అదే ఇంటికి అడ్జస్టర్‌గా (నష్టం లెక్కగట్టి క్లెయిమ్ తేల్చే మనిషి) ఉండకూడదు.

క్లెయిమ్ పెట్టేముందు పాలసీ మొదటి పేజీలో గాలి, వడగళ్ల డిడక్టిబుల్ ఎంతుందో చూడండి. అది చాలాసార్లు డాలర్లలో కాకుండా శాతంలో ఉంటుంది, ఆ శాతం నష్టం మీద కాదు, ఇంటి బీమా మొత్తం మీద. 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే మొదటి 8000 మీ జేబులోంచే. ఎనిమిది షింగిల్స్, ఒక షీట్‌రాక్ ముక్క, మూడు ఫెన్స్ ప్యానెళ్లు అంత దాటకపోవచ్చు. అప్పుడు క్లెయిమ్ పెట్టినా చేతికి ఏమీ రాదు, రికార్డులో మాత్రం పడుతుంది. అందుకని ముందు మీరు డబ్బిచ్చి పిలిపించుకున్న రూఫర్ చేత రాతపూర్వకంగా అంచనా వేయించండి. షింగిల్స్ కింద ఉండే డెకింగ్ చెక్క కూడా తడిసిందని తేలితే లెక్క మారిపోతుంది, అప్పుడు వెంటనే పెట్టండి. ఎగిరిపడిన షింగిల్ ముక్కలు రెండు, కోసిన షీట్‌రాక్ ముక్క ఒకటి దాచండి. టార్ప్, డీహ్యూమిడిఫయర్ రసీదులు క్లెయిమ్‌లో కలుస్తాయి. నష్టం పెరగకుండా చూడడం పాలసీ ప్రకారం మీ బాధ్యత కూడా, అడ్జస్టర్ వచ్చేదాకా కప్పకుండా వదిలేస్తే దాన్నే సాకు చేస్తారు.

పక్కింటి చెట్టు మీ ఫెన్స్ మీద పడినా మామూలుగా మీ పాలసీలోంచే బాగుచేయించుకోవాలి. ఆ చెట్టు ఎండిపోయిందని ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంటే తప్ప వాళ్ల మీద పెట్టడం కష్టం.

ఫీమా: హెచ్1బీ మీద మీ పేరున నగదు సాయం రాదు. పౌరులకీ, గ్రీన్‌కార్డు వాళ్లకీ, మరికొన్ని కోవలకీ మాత్రమే. కానీ ఇంట్లో అమెరికాలో పుట్టిన మైనరు బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు అడగొచ్చు. పాప సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వాలి. ఇది తెలియక మనవాళ్లు చాలామంది అడగనే అడగరు. బెరిల్ సాయానికి ఫీమా ప్రకటించిన జాబితాలో మన హారిస్ కౌంటీ ఉంది. ఫోను 1-800-621-3362, తెలుగు కావాలంటే దుబాసీని అడగండి. ఇన్సూరెన్స్ ఇచ్చినదానికి ఫీమా మళ్లీ ఇవ్వదు కాబట్టి పాలసీవాళ్ల నిరాకరణ ఉత్తరం దాచిపెట్టుకోండి. మొదటిసారి కాదంటూ ఉత్తరం వస్తే నిరాశపడకుండా చదవండి, చాలాసార్లు ఒక కాగితం తక్కువైందనే ఉంటుంది. అప్పీలుకి 60 రోజులు గడువు.

---

వోల్ట్‌మీటర్

థర్మోస్టాట్ తెర ఖాళీ అంటే దానికి 24 వోల్టులు అందడం లేదు. దాని బ్యాటరీలు మార్చి చూడండి. అది కాకపోతే అటిక్‌లో ఏసీ యంత్రం కింద రేకు పళ్లెం ఉంటుంది, దాని అంచుకి తేలే చిన్న స్విచ్ తగిలించి ఉంటుంది. మీ కప్పు కారింది కదా, ఆ నీళ్లు పళ్లెంలో చేరి స్విచ్ తేలి ఉంటుంది. తేలితే ఏసీ మొత్తం ఆపేస్తుంది, దాని పనే అది. బ్రేకర్ దించి, నీళ్లు స్పాంజితో గానీ తడి వ్యాక్యూమ్‌తో గానీ తోడేయండి. స్విచ్ కిందికి దిగగానే తెర వెలగాలి.

అయినా వెలగకపోతే యంత్రం తలుపు లోపల సర్క్యూట్ బోర్డు మీద కారులో ఉండేలాంటి ఫ్యూజ్ చూడండి, 3 ఆంపియర్లదైతే ఊదా, 5దైతే లేత గోధుమరంగు. లోపలి తీగ తెగి ఉంటే అదే విలువది పెట్టండి, పెద్దది పెట్టకండి. మళ్లీ పోతే ఎక్కడో తీగ తడిసింది, మనిషి కావాలి.

ఏసీ నడిచాక కిటికీ పైన గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయేమో రోజూ చూడండి. అది రెండో డ్రెయిన్. అక్కడ పడుతోందంటే అసలు డ్రెయిన్ మూసుకుపోయింది. చాలా ఇళ్లలో అసలుది బాత్రూం సింక్ కింద గొట్టంలో కలుస్తుంది. అక్కడ విప్పి, గుడ్డ చుట్టి తడి వ్యాక్యూమ్‌తో రెండు మూడు నిమిషాలు లాగితే నాచు ముద్దలా వస్తుంది. పైన యంత్రం దగ్గర నిలువు గొట్టంలో ఒక కప్పు వెనిగర్ పోసి వదిలేయండి.

బయటి యూనిట్ చుట్టూ ఆకులు, ఎగిరిపడిన ఇన్సులేషన్ తీసి, నీళ్ల గొట్టంతో మెల్లగా కడిగాకే బ్రేకర్ లేపండి. లేపాక మూలుగు వినిపించి ఫ్యాన్ తిరగకపోతే వెంటనే దించేయండి, కెపాసిటర్ పోయింది. కరెంటు లేకపోయినా అది ఛార్జి పట్టి ఉంచుతుంది, అలవాటు లేకపోతే వేలు పెట్టవద్దు. కొనాల్సి వస్తే మైక్రోఫారడ్లు పాతదానితో సరిగ్గా కలవాలి, వోల్టులు సమానం గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. ఒకసారి ఆపాక మళ్లీ పెట్టడానికి ఐదు నిమిషాలు ఆగండి, పైపుల్లో ఒత్తిడి సమం కావాలి.

---

సైప్రెస్_కాపురం

పళ్లెం అంచుదాకా నీళ్లున్నాయి. తోడాను, తెర వెలిగింది. పది నిమిషాల నుంచి చల్లగాలి వస్తోంది. మేడ మీద గదిలో డీహ్యూమిడిఫయర్ ఇంకా ఉంచాలా?

---

చెక్క_మేకు

ఉంచండి. ఏసీ ఉన్నా కోసిన చోట ఒక ఫ్యాన్ నేరుగా పెట్టి, తేమ మీటర్‌తో రోజూ ఒకే చోట కొలిచి గోడ మీద పెన్సిల్‌తో రాయండి. మూడు రోజులు వరసగా 15 లోపు వస్తే అప్పుడు ఆపండి.